టీవీలో పడిన ముక్కల లెక్క

ముందుగా నష్టాలు చెప్పేస్తాను. గోడౌన్‌లో పనిచేసేవాడికి అదే అలవాటు. సరుకు దిగగానే పగిలినవి ముందు ఏరి, బాగున్నవి తరవాత చూస్తాం.

ఒక్క ఆదివారం మధ్యాహ్నం, పదకొండు నిమిషాల్లో మా ఇంట్లో పోయినవి ఇవి: తినేవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండగానే గిన్నెలో మిగిలిపోయిన వేటమాంసం ముక్కలు డెబ్బై మూడు. మా నాన్నవైపు పెద్దమ్మ పరువు ఒకటి. మా బావ తెచ్చుకున్న సంచీ ఒకటి, అది మడత విప్పకుండానే వెనక్కి వెళ్ళింది. పాస్టరు గారి ప్రసంగం సగం. నాన్నకి అన్నీ తెలుసని మా అమ్మాయికి ఉన్న నమ్మకంలో మూడొంతులు. ఇవన్నీ తిరిగి రాకపోయినా బతకొచ్చు. వీటికన్నా పెద్దది ఇంకొకటి పోబోయింది. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. మీరు నవ్వుకోవచ్చు. ఇప్పటికి నన్ను చూసి నవ్వినవాళ్ళు యాభై ఏడుగురు, మీతో కలిపి యాభై ఎనిమిది.

నాకప్పుడు నలభై ఏడేళ్ళు. గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ షాపు గోడౌన్‌కి నేనే కాపలా, నేనే లెక్క. చదువు పదోతరగతితో ఆగిపోయింది కానీ లెక్క ఆగలేదు. అట్టపెట్టెల గుట్టని గుమ్మంలోంచి ఒక్క చూపు చూసి ఎన్నో చెప్పేస్తాను. రోడ్డు మీద పెళ్ళి ఊరేగింపు పోతుంటే జనం పెళ్ళికొడుకుని చూస్తారు, నేను బల్బులు లెక్కపెడతాను. ఇలాంటివాడి చేతికి స్మార్ట్ ఫోను, ఇంటికి వైఫై వస్తే ఏమవుతుంది? కోతికి కొబ్బరికాయ దొరికినట్టవుతుందని మీరనుకుంటారు. కాదు. కోతికి కొబ్బరికాయా, దాన్ని కొలవడానికి టేపూ రెండూ దొరికినట్టయింది.

మాది రైలుపెట్టెలాంటి ఇల్లు. ముందు హాలు, దాని వెనక గది, దాని వెనక ఇంకో గది, ఆ వెనక వంటిల్లు, దాన్ని దాటితే పెరట్లో రేకుల పందిరి. మా ఆవిడ సువార్త వంట చేసుకుంటూ పాటలు వింటుందని ఒక చిన్న స్పీకరు కొన్నాను. నా ఫోన్లో పాట పెడితే వైరు లేకుండా దాంట్లో వస్తుంది. వెంటనే టేపు తీసి, ఫోను పట్టుకుని ఒక్కొక్క అడుగూ వెనక్కి నడిచాను. పది మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల దగ్గర పాటకి గొంతు పట్టేసింది. ఇంకో అడుగు వేస్తే ప్రాణం పోయింది. అయిదుసార్లు కొలిచాను, అయిదుసార్లూ అంతే. కాబట్టి నా సొంత సిద్ధాంతం తయారైంది: వైరు లేకుండా పోయేదేదైనా సరే, పది మీటర్లే పోతుంది.

ఆ తరవాత ఫోను తెరని టీవీలోకి పంపడం నేర్చుకున్నాను. ఫోన్లో ఏం కనిపిస్తే టీవీలో అదే కనిపిస్తుంది. వేలు ఎటు జరిపితే అటు జరుగుతుంది. ఎవరూ నేర్పలేదు. ఎవరైనా నేర్పి ఉంటే మీకు చెప్పడానికి ఈ కథ ఉండేది కాదు.

ఇంతలో అమ్మ పోయి ఏడాదైంది. మాలో ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళకి భోజనం పెడతాం. ఫోన్లో అమ్మ వీడియోలు పద్నాలుగు ఉన్నాయి, మొత్తం ఇరవై రెండు నిమిషాలు. అరుగు మీద గోంగూర వలుస్తూ ఒకటి, చర్చికి చీర మడతలు సర్దుకుంటూ ఒకటి, నన్ను తిడుతూ పన్నెండు. వాటిని టీవీలో పెద్దగా అందరికీ చూపించాలని నా కోరిక. అందరికీ అంటున్నాను కానీ నిజానికి ఒక్కరికి. మా దేవదానం మావయ్యకి.

మావయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. పామర్రు దగ్గర వ్యవసాయం. ఆయన మా ఇంటికొస్తే వడ్డన అమ్మదే. మమ్మల్ని గరిటె ముట్టుకోనిచ్చేది కాదు. "చాలక్కా" అని ఆయన పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టడం, ఆ వేళ్ళ సందుల్లోంచే ఆవిడ ముక్క జారవిడవడం, ఇదొక ఆట. పక్కన కూర్చుని నేను లెక్కపెట్టేవాణ్ణి. ఎప్పుడు చూసినా ఎనిమిదే. ఆవిడ లెక్కపెట్టేది కాదు, ఆయనా లెక్కపెట్టేవాడు కాదు. అయినా ఎనిమిదే.

అమ్మని మట్టిచేసి వెళ్ళినవాడు మళ్ళీ మా గుమ్మం ఎక్కలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "అక్క లేని ఇంట్లో నాకు ముద్ద దిగదురా దానియేలూ." కూడికకి మాత్రం వస్తానన్నాడు. ఆ పూట ఆయన కడుపునిండా తిని వెళితే మళ్ళీ వస్తాడు. తినలేక లేచిపోతే అమ్మవైపు దారి మాకు అక్కడితో మూసుకుపోయినట్టే. ఆ రోజు నాకున్న అసలు లెక్క ఇదొక్కటే. తక్కినవన్నీ మాంసం లెక్కలు.

మాంసం లెక్క కూడా చెప్పాలి. ఏడు కిలోలు. కిలోకి ఇరవై ఆరు చొప్పున దగ్గరుండి కొట్టించాను, నూట ఎనభై రెండు ముక్కలు. వచ్చేది నలభై ఐదు మంది. ఎవరికి ఎన్ని అన్నది ఫోన్లో పట్టీ రాసుకున్నాను. నా పట్టీలో పేరు, అంకె, పక్కన చిన్న గమనిక ఉంటాయి. గోడౌన్‌లో 'పై వరస తడిసింది' అని రాసుకుంటామే, అలాంటివి. మచ్చుకి:

పాస్టరు గారు – 4 (చాలు చాలు అంటారు. ఆపకూడదు)
రూతమ్మ పెద్దమ్మ – 2, మెత్తవి (పై పళ్ళు నాలుగే)
రాజారత్నం బావ – 5 (సంచీ తెస్తాడు. కనిపెట్టి ఉండాలి)
దేవదానం మావయ్య – 8 (అమ్మ లెక్క. తగ్గించకూడదు)

మొత్తం నూట ఎనభై. రెండు ముక్కలు రుచి చూడ్డానికి. ఇంత చక్కటి పట్టీ నేను జీవితంలో రాయలేదు.

ఆదివారం మందిరం అయ్యాక జనం వచ్చారు. మావయ్యా వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని, హాల్లో గోడవారగా కుర్చీ చివర కూర్చున్నాడు, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవడానికి వీలుగా. వీడియోలు నడిచాయి. టీవీలో అమ్మ గోంగూర వలుస్తుంటే కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగాడు. తిట్టడం మొదలుపెట్టేసరికి పూర్తిగా ఆనుకుని కూర్చున్నాడు. నా గుండె రెండంగుళాలు ఉబ్బింది.

వీడియోలయ్యాక పాస్టరు గారు వాక్యం చెప్పడానికి టీవీకి ముందు, వీపు అటు పెట్టి నిలబడ్డారు. నేను భోజనాల సంగతి చూడ్డానికి ఫోను పట్టుకుని పెరట్లోకి బయల్దేరాను. మా అమ్మాయి కెజియా, డిగ్రీ చదువుతోంది, చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాన్నా, డిస్‌కనెక్ట్ నొక్కి వెళ్ళు."

"అక్కర్లేదమ్మా. పందిరి దాకా పదమూడు మీటర్ల నలభై. మధ్యలో గోడలు నాలుగు. గోడకి రెండు మీటర్లు వేసుకో. మొత్తం ఇరవై ఒక్క మీటర్ల నలభై. రెండో గది దాటకుండానే దానంతటదే తెగిపోద్ది."

"ఒక్క నొక్కు నొక్కితే ఏం పోయింది నాన్నా?"

"తెగేదాన్ని నొక్కడం దేనికి?"

పాఠకులారా, ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. లెక్క వచ్చినవాడు ఎలా మునుగుతాడో లెక్క రానివాళ్ళకి తెలియాలి.

పందిట్లో సువార్త గరిటె పట్టుకుని నన్ను చూడగానే అంది, "ఏవండీ, హాల్లో తలలు లెక్కపెట్టారా?"

"యాభై ఏడు."

"నలభై ఐదన్నారుగా!"

"పన్నెండు మంది పిలవకుండా వచ్చారు."

"పిలవకుండా కాదు. అత్తయ్యంటే ఇష్టమై వచ్చారు."

"ఇష్టమైతే మాత్రం ముక్కలు పుడతాయా? తలా మూడు అన్నా ముప్ఫై ఆరు కావాలి. చేతిలో రెండున్నాయి. ముప్ఫై నాలుగు కొయ్యాలి."

అని పట్టీ తెరిచి, పీట మీద కూర్చుని కోత మొదలుపెట్టాను. ఫోన్లో అంకె మార్చినప్పుడల్లా టిక్కు టిక్కుమని చప్పుడు. పెద్దమ్మవి రెండే, అందులో కోస్తే మనుషులం కాదు. పాస్టరు గారివి కోస్తే పాపం. కొత్తగా వచ్చినవాళ్ళకి మూడు కన్నా తగ్గిస్తే పరువు. అందినచోటల్లా ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోతున్నాను. హాల్లోంచి ఉన్నట్టుండి పెద్ద నవ్వు వినబడింది.

"చూశావా, పాస్టరు గారు బాగా చెబుతున్నట్టున్నారు" అన్నాను.

"జ్ఞాపకార్థ కూడికలో నవ్వేంతగా ఏం చెబుతారండీ?"

"వాక్యంలో లేనిదేముంది?"

ఇంకో నవ్వు. ఈసారి ఎవరో దగ్గారు కూడా. నేను ఉత్సాహంగా కోస్తున్నాను. ఇరవై తొమ్మిది అయ్యాయి. ఇంక ఐదు కావాలి. పట్టీ అంతా వెతికాను. ఎవరి దగ్గరా సందు లేదు. ఒక్క ఎనిమిది మాత్రం కోటలాగా నిలబడి ఉంది.

"మీ మావయ్యది ముట్టుకోకండి" అంది సువార్త, నా ముఖం చూసే కనిపెట్టి.

"రెండే." ఎనిమిదిని ఆరు చేశాను.

"ఏవండీ!"

"ఇంకొక్కటి." ఐదయింది.

"ఏడాది తరవాత వచ్చిన మనిషి!"

"మనవాడు కాబట్టే సువార్తా. పరాయివాళ్ళది తీస్తే మాట పడతాం. మావయ్య సర్దుకుంటాడు." ఐదుని మూడు చేశాను. పక్కన గమనిక కూడా రాశాను: మనవాడే, సర్దుకుంటాడు. 'అమ్మ లెక్క, తగ్గించకూడదు' అన్న పాత గమనిక మాత్రం తియ్యడం మరిచిపోయాను. ఇప్పుడు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. నా అనుభవంలో వడ్డించేవాడు మనవాడైతే మొదటి బంతిలో కూర్చున్నా మిగిలేది మూడే.

హాల్లో నవ్వు ఆగిపోయింది. దగ్గు కూడా లేదు. అంతలో కెజియా పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నాన్నా, ఆ ఫోను ఆపు!"

"ఏమైందమ్మా?"

"టీవీలో పడుతోంది!"

"ఏది?"

"అన్నీ! నువ్వు కొట్టేది కొట్టినట్టు!"

"ఎలా పడుతుందమ్మా, పదమూడు మీటర్ల…"

"నాన్నా! పెద్దమ్మమ్మ పళ్ళు టీవీలో ఉన్నాయి నాన్నా!"

"మరి పది మీటర్లు?"

"అది బ్లూటూత్ లెక్క. స్పీకరుది. ఇది వైఫై మీద పోతది. రౌటరు మధ్యగదిలో బీరువా మీద పెట్టింది ఎవరు? నువ్వే!"

నేను ఒకటి తలిస్తే దైవం ఇంకొకటి తలిచిందని ఊరుకోవచ్చు. కానీ దైవానికి బీరువా ఎక్కించి దారి చూపించింది నేనే.

హాల్లో ఏం జరిగిందో తరవాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆ రోజు పాస్టరు గారు ఐదు రొట్టెలు, రెండు చేపలు వేలమందికి చాలిన సంగతి చెప్పడం మొదలుపెట్టారట. సరిగ్గా అప్పుడే ఆయన తల వెనక నా పట్టీ ప్రత్యక్షమైంది. ఆయన "కొంచెమే ఉన్నా అందరికీ సరిపోయింది" అంటున్నారు, వెనక అంకెలు తగ్గుతున్నాయి. టీవీలోంచి టిక్కు టిక్కుమంటుంటే బల్లి అనుకున్నారట. జనం నవ్వుతుంటే, సంఘం ఇంత సంతోషంగా వాక్యం వినడం తన పరిచర్యలోనే మొదటిసారి అని పొంగిపోయి, ప్రసంగం కొంచెం పొడిగించారు కూడా. రూతమ్మ పెద్దమ్మకి కళ్ళద్దాలు లేవు. "నా పేరుందే, ఏవుందే అందులో?" అని పక్కావిణ్ణి అడిగితే, ఆవిడ చదివి వినిపించింది. బావ తన సంచీని ఇంకో రెండు మడతలు పెట్టి చొక్కాలోపల దోపుకున్నాడు.

ఇక మావయ్య పేరు దగ్గర ఎనిమిది ఆరయింది, ఆరు ఐదయింది. ఐదు మూడయ్యేసరికి ఇక నవ్వేవాళ్ళు లేరు. అందరూ టీవీ వదిలేసి మావయ్యని చూశారు. మావయ్య తల వంచుకుని ఉన్నాడు.

నేను హాల్లోకి ఎలా వెళ్ళానో గుర్తులేదు. గుమ్మంలో నిలబడేసరికి యాభై ఏడు ముఖాలు నా వైపు తిరిగాయి. టీవీలో ఆ చివరి వరస ఇంకా వెలుగుతోంది. చెమట వేళ్ళతో పట్టీ మూసెయ్యబోతే పెద్దదై, తెరనిండా 'సర్దుకుంటాడు' అన్న ఒక్క మాటే నిలిచింది. కంగారులో ఇంకేదో నొక్కాను. పట్టీ పోయి అమ్మ వచ్చింది. గోంగూర పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళెర్రజేసి, టీవీలోంచి నన్నే చూస్తూ అరిచింది:

"ఒరే, ఇక చాలు గానీ, ఆ ఫోను అవతల పారేసి ఏడువు!"

ముందు నవ్వింది మావయ్యే. తరవాత ఇల్లంతా ఎగిరిపోయింది. పాస్టరు గారు వెనక్కి తిరిగి చూసి, ఏమీ అర్థంకాక, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

భోజనాల దగ్గర అసలు శిక్ష మొదలైంది. నాలుగు రాసి ఉన్న పాస్టరు గారు రెండో ముక్కకే చెయ్యి అడ్డం పెట్టి, "చాలండీ. ఈసారి నిజంగానే చాలు" అన్నారు. రూతమ్మ పెద్దమ్మ నోరు తెరిచి చూపించింది. "లెక్కల మొనగాడా, సరిగ్గా చూడు. నాలుగు కాదురా, ఐదు." పిలవకుండా వచ్చిన పన్నెండు మందీ వంకాయకూర బాగుందన్నారు. తలా రెండు, కొందరు ఒకటి. మాకు తక్కువపడకూడదని ఒకరిని మించి ఒకరు తగ్గించుకున్నారు. గిన్నెలో ముక్కలు తరగవు, నేను గిన్నె పట్టుకుని బంతి చుట్టూ తిరుగుతున్నాను. ఐదు రొట్టెలు ఎలా మిగిలాయో నాకా రోజు తెలిసింది.

మావయ్య దగ్గరికి వచ్చాను. రెండు వేశాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"మావయ్యా, ఎనిమిదీ ఉన్నాయి. గిన్నె నిండా ఉంది, చూడు."

"చాల్లేరా. ఇంకెవరన్నా వస్తే పెట్టు."

వేళ్ళ సందుల్లోంచి జారవిడవాలని చూశాను. అమ్మ చేతికి తెలిసిన ఆ విద్య నాకు రాలేదు. ముక్క ఆయన బొటనవేలికి తగిలి చాప మీద పడింది.

అయిపోయింది అనుకున్నాను. ఇక రాడు. చేతులు కడుక్కోవడానికి పెరట్లో కుళాయి దగ్గరికి వెళితే, తువ్వాలు పట్టుకుని వెనకే వెళ్ళాను. చేతులు తుడుచుకుంటూ ఆయనే అడిగాడు.

"ఎనిమిదని నీకెవరు చెప్పార్రా?"

"ఎవరూ చెప్పలేదు. అమ్మ వడ్డిస్తుంటే లెక్కపెట్టేవాణ్ణి."

"ఎప్పట్నుంచి?"

"లెక్క వచ్చిన కాణ్ణుంచి."

తువ్వాలు తిరిగివ్వకుండా అలాగే పట్టుకు నిలబడ్డాడు. "నాకే తెలీదురా. అయిదో ఆరో అనుకునేవోణ్ణి. ఎనిమిదా! చెయ్యి అడ్డం పెట్టినా ఎనిమిదేసిందా మా అక్క?"

"ఒక్కసారి కూడా తగ్గలేదు మావయ్యా."

"టీవీలో అది చూసేతలికి కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. తల పైకెత్తలేకపోయా. ఆ తరవాత నువ్వు కోసేసింది సరిగ్గా చూళ్ళేదు."

"మూడు చేశాను" అన్నాను. ఇలాంటప్పుడు కూడా లెక్క దాచడం నాకు రాదు.

"తెలుసులే, మీ పెద్దమ్మ చెప్పింది. ఏం, ఎందుకు కోశావ్?"

"మనవాడివని."

"ఊఁ." తువ్వాలు నా భుజం మీద వేశాడు. "మరి ఆ ఐదూ ఎప్పుడిస్తావ్?"

"ఐదు కాదు మావయ్యా, ఆరు. నువ్వు తిన్నది రెండే."

"సరే, ఆరు. పామర్రు తెచ్చియ్యి. బస్సు దిగి ఫోన్ చెయ్యి, నేనొస్తా. టీవీలో పంపించమాక."

ఆ తరవాతి ఆదివారమే క్యారియర్లో ఆరు ముక్కలు లెక్కపెట్టి తీసుకెళ్ళాను. నాలుగు తిన్నాడు. రెండు నేను చూడకుండా నా పళ్ళెంలో వేశాడు. పైగా అత్తయ్య వండిన నాటుకోడి ఐదు ముక్కలు, నేను చెయ్యి అడ్డం పెట్టినా సరే, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు. ఆ విద్య వాళ్ళ అక్కాతమ్ముళ్ళకే వచ్చినట్టుంది. నాటుకోడి ముక్కనీ వేటమాంసం ముక్కనీ సమానంగా పట్టొచ్చా అని బెజవాడ వచ్చేదాకా బస్సులో ఆలోచించి, సమానమేనని తేల్చాను. ఆరులోంచి నాలుగు పోగా, ఐదు కలిపితే ఏడు. బాకీ తీర్చడానికి వెళ్ళి ఒకటి పెంచుకొచ్చాను. రెండోసారి ఏడు తీసుకెళ్ళాను. మూడు తిన్నాడు, ఆరు పెట్టాడు. పది. ఇది వడ్డీ అనుకుంటే ఇంత ఘోరమైన వడ్డీ జిల్లాలో ఎక్కడా లేదు.

మధ్యలో ఆయన కూడా మా ఇంటికి వచ్చిపోతున్నాడు. కానీ మా ఇంట్లో తిన్నవి ఈ బాకీలో జమ కట్టడానికి ఒప్పుకోడు. "అది అక్క ఇంట్లో తిండి. దానికీ దీనికీ సంబంధం లేదు" అంటాడు. న్యాయమే.

కాబట్టి గోడౌన్ తాళాలగుత్తి మీద చెయ్యి వేసి, యాభై ఎనిమిదిమంది సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఈ బొందిలో ప్రాణం ఉండగా, డిస్‌కనెక్ట్ నొక్కకుండా టీవీ ముందునుంచి లేవను. గోడలు ముప్ఫై ఉన్నా సరే, నేను పెదపులిపాక దాకా నడిచి వెళ్ళినా సరే. నొక్కి, మా అమ్మాయిని పిలిచి చూపించి, అప్పుడే లేస్తాను. మనుషుల పళ్ళు లెక్కపెట్టను. పెట్టినా రాయను.

మొన్న ఆదివారంతో పామర్రుకి తొమ్మిదిసార్లు వెళ్ళొచ్చాను. ఈ పూటకి మావయ్యకి నేను బాకీ ఉన్నది పందొమ్మిది ముక్కలు, అందులో మూలుగ ఎముకలు మూడు.